థర్మోస్టాట్ మారిస్తే ఇంజను చల్లబడుతుందా?

ప్రశ్న: నాది ట్యూన్ చేయించిన టర్బో పెట్రోల్ కారు. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లేటప్పుడు హైవే మీద కూలెంట్ ఉష్ణోగ్రత 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం, కారు కంప్యూటరు లెక్కలు చూపే ఓబీడీ రీడరులో 104 వరకు చూపిస్తోంది. కంపెనీ థర్మోస్టాట్ మీద 87 అని ముద్రించి ఉంది. దాని బదులు 71 డిగ్రీలది వేయించమని స్నేహితులు, అసలు థర్మోస్టాటే తీసేద్దామని మెకానిక్ చెబుతున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇద్దరి మాటా వినవద్దు. థర్మోస్టాట్ అంటే ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు. మీరు చూసిన 87 అనే అంకె, లోపలి మైనం కరిగి వ్యాకోచించి వాల్వును తెరవడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత మాత్రమే. అది పూర్తిగా తెరుచుకోవడానికి మామూలుగా మరో 10 నుంచి 15 డిగ్రీలు కావాలి. అంటే మీ ఇంజను 104 దగ్గర ఉన్నప్పుడు ఆ వాల్వు ఇప్పటికే పూర్తిగా తెరుచుకొని ఉంటుంది. 71 డిగ్రీలది వేసినా ఆ సమయంలో అదీ పూర్తిగానే తెరుచుకొని ఉంటుంది కనుక, ఘాట్ మీద రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంజను ఎంతకు తగ్గకూడదో థర్మోస్టాట్ చూసుకుంటుంది. ఎంతకు మించకూడదో చూసుకోవలసినవి రేడియేటర్, ఫ్యాను, నీటి పంపు.

ఘాట్ రోడ్డులో రెండో గేరులో, తక్కువ వేగంతో, టర్బో ఒత్తిడి మీద బండి ఎక్కుతున్నప్పుడు ఇంజను పుట్టించే వేడి పెరుగుతుంది, రేడియేటరుకు తగిలే గాలి తగ్గుతుంది, పైగా ఏసీ కండెన్సర్ వేడి దాని ముందే ఉంటుంది. కాబట్టి రేడియేటర్ రెక్కల మధ్య మట్టీ పురుగులూ పేరుకున్నాయేమో, ఫ్యాను రెండో వేగం పనిచేస్తోందో లేదో, రేడియేటర్ మూత ఒత్తిడి నిలుపుతోందో లేదో ముందు పరీక్షించండి. నిజానికి ఘాట్ మీద 104 అన్నది భయపడవలసిన అంకె కాదు. కంప్యూటరు అదుపులో (మ్యాప్ ఆధారంగా) పనిచేసే థర్మోస్టాట్ ఉన్న కొన్ని ఇంజన్లు ఇంధనం ఆదా కోసం తేలికపాటి భారంలో 105 వరకూ కావాలనే నడుస్తాయి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే దిగివస్తాయి. 110 దాటి ఇంకా పెరుగుతూనే ఉంటే మాత్రం బండి ఆపండి. మూత జోలికి అప్పుడే వెళ్లవద్దు.

ఇక ఆ 71 సంగతి. అమెరికాలో థర్మోస్టాట్లు ఫారన్‌హీట్‌లో 160, 180, 195 అంటూ అమ్ముతారు. మన లెక్కలో అవి సుమారు 71, 82, 91. పెద్ద వీ8 ఇంజన్లతో కొద్ది క్షణాల డ్రాగ్ పరుగుకు దిగేవారు నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) తగ్గుతుందని 160 వేసుకోవడంలో అర్థముంది. రోజూ తిరిగే బండికి అదే వేస్తే, హైవే మీదా, చలికాలపు అరకు ఉదయాల్లోనూ కూలెంట్ 75 దగ్గరే ఉండిపోవచ్చు; అప్పుడు ఈసీయూ (ఇంజను కంప్యూటరు) ఇంజను ఇంకా వేడెక్కలేదనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్లో కలిసిన పెట్రోలూ తేమా ఆవిరికావు, చెక్ ఇంజన్ దీపం వెలిగి ఇంజను చాలినంత వేడెక్కలేదని చెప్పే పీ0128 కోడ్ కూడా రావచ్చు. మీ ట్యూనర్ ఈసీయూలో ఫ్యాను మొదలయ్యే ఉష్ణోగ్రతను కూడా తగ్గించి రాస్తానంటే 80, 82 డిగ్రీల వరకు దిగవచ్చు. అది మార్చకపోతే, మూడు లాంతర్ల కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూలెంట్ పాత ఫ్యాను హద్దు వరకూ ఎలాగూ పెరుగుతుంది.

మెకానిక్ సలహా ఇంకా ప్రమాదకరం. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే కొంత కూలెంట్ రేడియేటరుకు వెళ్లకుండానే ఇంజనులోకి తిరిగి వచ్చి, అసలుకే హీటెక్కే అవకాశం ఉంది. అనుమానమే ఉంటే, విప్పిన థర్మోస్టాటును గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచి, ఎక్కడ తెరుచుకుంటోందో చూడమనండి.

ప్రశ్న: మా వైపు మంచు పడదు కదా, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: సరిపోదు. వేడిని మోయడంలో నీరే మెరుగన్నది నిజమే, కానీ 1 బార్ ఒత్తిడి నిలిపే రేడియేటర్ మూత కింద నీరు సుమారు 120 డిగ్రీలకు మరుగుతుంది, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ దానికంటే మరికొన్ని డిగ్రీలు తట్టుకుంటుంది. బోరు నీటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పాచిలా గడ్డకడతాయి, అల్యూమినియంను తింటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కంపెనీ చెప్పిన కూలెంట్ కలిపే పోయండి.