తొలి ఆల్బమ్ బయటికొచ్చాక: బరంపురం నుంచి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

నువ్వు రాత్రి పంపిన పొడుగాటి మెసేజ్ చదివాను. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను "పోనీలే తల్లీ" అంటాను, అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఎనిమిది పాటలూ నువ్వే రాసి, బాణీలు కట్టి, గిటార్ వాయిస్తూ పాడి, తెలుగులో ఒక పాప్ రాక్ ఆల్బమ్ తెచ్చావు. నెల తిరక్కుండానే ఒకరు బ్రహ్మాండం అన్నారు, ఇంకొకరు యాస బాలేదన్నారు. భువనేశ్వర్ స్నేహితులు ఒడియాలో ఎందుకు పాడలేదన్నారు. మీ పెద్దత్త సినిమాలో ఎప్పుడు పాడతావని అడిగింది. ఎవడో హైదరాబాద్ కుర్రాడు "ఇది తెలుగేనా" అని నవ్వాడు. ఇప్పుడు నువ్వు టెన్షన్ పడి, మొత్తం తీసేసి మళ్లీ పాడి పెడతానంటున్నావు.

తీసెయ్యకు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది చెబుతాను.

గంజాం జిల్లాలో మెలోడీ స్టేజీల మీద గిటార్ వాయిస్తూ జుట్టు నెరిసినవాణ్ణి నేను. ఒడియా పాట, దాని వెనకే తెలుగు పాట, ఆ వెనక హిందీ. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రకి వచ్చే జనం వేరు, గణేశ్ పందిరి ముందు కూర్చునే జనం వేరు. వాళ్ల ఎదురుగా నిలబడి వాయిస్తే నాకు తేలిందేమిటంటే, వినేవాడికి ఎక్కడ ఇబ్బందిగా ఉందో వాడు సరిగ్గానే చెబుతాడు. ఎందుకు ఇబ్బందిగా ఉందో మాత్రం చాలాసార్లు తప్పు చెబుతాడు. మొదటిది నమ్ము. రెండోది నువ్వే వెతుక్కోవాలి.

నీ మూడో పాటే చూడు. "యాస వల్ల మాటలు అర్థం కాలేదు" అని నలుగురైదుగురు అన్నారని రాశావు. నేను ఆ పాట హెడ్‌ఫోన్లో విన్నాను, మామూలు ఫోన్ స్పీకర్లో విన్నాను, స్టేషన్‌కి వెళ్తూ ఆటోవాడి చేతిలో పెట్టి అతని స్పీకర్లో కూడా విన్నాను. హెడ్‌ఫోన్లో ప్రతి అక్షరం వినబడింది. ఆటోలో పల్లవి చివరి మాట అసలు లేదు! కారణం యాస కాదు, డ్రమ్స్‌లో గట్టిగా మోగే ఆ స్నేర్ డ్రమ్ము. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. నువ్వు ప్రతి పాదం చివరి హ్రస్వాన్ని సరిగ్గా నాలుగో బీట్ మీద పడేశావు. రాక్‌లో స్నేర్ దెబ్బ పడేది రెండో బీట్ మీదా నాలుగో బీట్ మీదానే కదా. పాపం ఆ చిన్న అచ్చు దాని కింద నలిగిపోయింది. ఇంగ్లీషు పాటలో ఆ చోట "ట్" అనో "క్" అనో ముగిసే మాట పడితే స్నేర్‌తో కలిసి గట్టిగా పలుకుతుంది. మన మాటకి ఆ గుణం లేదు. చివరి అక్షరాన్ని సాగదీసి బీట్ దాటించు, లేదంటే అర బీట్ ముందే ముగించు.

ఇంకొకటి. పల్లవిలో నీ గొంతునే రెండుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి వేశావు. నిండుగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ రెండు టేకుల్లోనూ హల్లులు ఒకే క్షణంలో పడలేదు, కొస చెదిరింది. రెండో గొంతులో హల్లుల దగ్గర వాల్యూమ్ తగ్గించమని ఆ మిక్సింగ్ అబ్బాయికి చెప్పు. హల్లులు స్పష్టంగా వినబడేది దాదాపు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. నీ రెండు డిస్టార్షన్ గిటార్లూ అక్కడే కూర్చున్నాయి. ఆ మేర గిటార్ల శబ్దాన్ని కొంచెం తగ్గించమను, గొంతు పెంచకుండానే మాట పైకి వస్తుంది. ఇదంతా చేశాక ఆల్బమ్‌ని కదపకు. ఆ ఒక్క పాటనీ కొత్త మిక్స్ అని విడిగా విడుదల చెయ్యి. విన్నవాళ్ల దగ్గర ఉన్న పాటని వెనక్కి లాక్కోవడం మర్యాద కాదు.

ఇక యాస సంగతి. దాన్ని మాత్రం ముట్టుకోకు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, గంజాం మద్రాసు రాజధానిలోంచి ఇటు వచ్చింది. మన ఇళ్లల్లో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. బడిలో ఒడియా, బజార్లో రెండూ, ఇంట్లో తెలుగు. నీ పాటలో మధ్యమధ్య ఒడియా మాట వచ్చి కూర్చోవడం నువ్వు కావాలని చేసిన స్టైలు కాదని, నువ్వు రోజూ మాట్లాడేదే అదని మాకు తెలుసు. హైదరాబాద్ కుర్రాడికి తెలియకపోతే అది వాడి లోటు. వంగపండు ప్రసాదరావుగారు రాయగడకి దగ్గర్లో ఉన్న పార్వతీపురం వైపు మనిషి. ఉత్తరాంధ్ర పల్లె మాటలో రాసి, కాలికి గజ్జె కట్టి పాడారు. 2020లో పోయేనాటికి ఆయన పాటలు తెలుగు నేలంతా పాడుకుంటున్నారు. ఆ మాటల్ని పుస్తకాల తెలుగులోకి సరిదిద్దమని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది? నీకు మాత్రం రెండో రోజే చెప్పేశారు, కొత్తదానివి కదా.

మెచ్చుకోళ్ల విషయంలో నాది కొంచెం మొండి లెక్క. ఎవరేమన్నారో పక్కన పెట్టి, ఎవరేం చేశారో చూస్తాను. మీ అత్తకి రాక్ అంటే గోల. "డప్పులు తగ్గించమను దాన్ని" అని ఆల్బమ్ మొత్తం మీద తీర్పిచ్చేసింది. మర్నాడు పొద్దున్న కత్తిపీట ముందు వంకాయలు తరుగుతూ నీ ఐదో పాట చరణం కూనిరాగం తీస్తోంది. మాటలు తెలియవు, "లలలా" అంటోంది, చరణం తిరిగే చోట మాత్రం నువ్వు వేసిన చిన్న గమకంతో సహా వచ్చేసింది. అది నువ్వు ఆరు మాత్రల తిశ్రం నడకలో కట్టిన పాట. మన పెళ్లిపాటలూ, ఊయల పాటలూ చాలా వరకు ఆ నడకే. డ్రమ్స్ వేసినా, గిటార్ అరిచినా ఆవిడ చెవి దాన్ని పట్టుకుంది. "బాగుంది" అనే మెసేజ్‌లు వంద వచ్చినా నాకు ఆ కూనిరాగమంత నమ్మకం కలగదు. నువ్వు కూడా ఇలాంటివే ఏరుకో. ఎవరైనా పాటని ఇంకొకరికి పంపారా? రెండోసారి విన్నారా? మాటలు రాసి పంపమని అడిగారా? గిటార్ మీద వాయించుకోవడానికి కార్డ్స్ అడిగారా? అవి నిజం.

యూట్యూబ్‌లో నీకు ఒక గ్రాఫ్ కనబడుతుంది, జనం పాటలో ఏ క్షణాన వెళ్లిపోతున్నారో చూపిస్తుంది. పొద్దస్తమానం లైకులు లెక్కపెట్టే బదులు దాన్ని వారానికి ఒకసారి చూడు. రెండో పాటకి ముందు వాయిద్యం దాదాపు నిమిషం సాగింది. అక్కడ గీత జారిపోయి ఉంటుందని చూడకుండానే చెప్పగలను. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే అది ఒక ప్లే కింద లెక్క. 2024 నుంచి ఏడాదిలో 1000 ప్లేలు దాటని పాటకి డబ్బు లెక్క కట్టడం కూడా మానేశారు. అంటే నీ గొంతు మొదలవకముందే లెక్క తేలిపోతోంది. ఆల్బమ్‌లో ఆ పాటని నరకమని నేననను, వరసగా వినేవాడికి ఆ నిమిషం బాగానే ఉంటుంది. విడిగా వదిలే వీడియోకి మాత్రం పది సెకన్లలో గొంతు వచ్చేలా ఇంకో కూర్పు చేసుకో.

"నెలైంది, ఎవరూ పట్టించుకోలేదు" అన్నావు చూడు, దానికి నాకు నవ్వొచ్చింది. జెఫ్ బక్లీ అని ఒక అమెరికా కుర్రాడు 1994లో తొలి ఆల్బమ్ తెచ్చాడు. పేరు గ్రేస్. అప్పట్లో అక్కడి బిల్‌బోర్డ్ పట్టికలో అది 149వ స్థానం దాటి పైకి రాలేదు. 1997లో నదిలో మునిగి పోయాడు, ముప్పై ఏళ్లే. బతికుండగా పూర్తిచేసి విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్ అదొక్కటే. ఇవాళ రాక్ పాడాలనుకునే పిల్లలు అతని గొంతు విని నేర్చుకుంటున్నారు. మన హిందీ పాప్ గాయకుడు లక్కీ అలీ తొలి ఆల్బమ్ 1996లో వచ్చింది, అప్పటికి ఆయనకి నలభై దగ్గరపడింది. నీకింకా ముప్పై కూడా నిండలేదు, ఆలస్యమైపోయిందని నా దగ్గర అనకు.

అమెరికా గాయని ట్రేసీ చాప్‌మన్ కథ మాత్రం నీకు పనికొచ్చే కథ, కాస్త వివరంగా చెబుతాను. ఆమె తొలి ఆల్బమ్ 1988 ఏప్రిల్‌లో వచ్చింది. జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు పేరున పెద్ద కచేరీ జరిగింది. ఆమె తన వంతు పాడేసి వెళ్లిపోయింది. తర్వాత స్టీవీ వండర్ ఎక్కాల్సిన వేళకి ఆయన కీబోర్డు సరంజామాలో ఒక డిస్క్ కనబడలేదు. ఖాళీ నింపడానికి ఎవరో ఒకరు కావాలి. బ్యాండ్ అక్కర్లేనిది, ఏర్పాట్లు అక్కర్లేనిది ఈ అమ్మాయే అని మళ్లీ పిలిచారు. అంత పెద్ద జనం ముందు ఒక అకౌస్టిక్ గిటార్ పట్టుకుని ఒక్కతే నిలబడి పాడింది. ఆ వేసవిలోనే ఆల్బమ్ అమెరికాలోనూ ఇంగ్లండులోనూ మొదటి స్థానానికి వెళ్లింది. ముప్పై అయిదేళ్ల తర్వాత, 2023లో, అందులో ఒక పాటని ల్యూక్ కూంబ్స్ అనే కంట్రీ గాయకుడు మళ్లీ పాడితే, ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు రాసినావిడకి దక్కింది.

అదృష్టం అంటావు. అవును, డిస్క్ కనబడకపోవడం అదృష్టమే. ఒక్క గిటార్ మీద నిలబడగలిగే పాటలు చేతిలో ఉండటం అదృష్టం కాదు. నీ ఎనిమిదింటినీ ఆ లెక్కన చూశాను. ఒకటి, మూడు, ఐదు, ఎనిమిది నిలబడతాయి. నాలుగో పాట సింథ్ తీసేస్తే కూలిపోతుంది. ఆరో పాటలో బాణీయే లేదు, రిఫ్, అంటే మళ్లీమళ్లీ వచ్చే గిటార్ ముక్క, ఉంది అంతే. కోపం తెచ్చుకోకు, రిఫ్ మాత్రం బాగుంది.

మెచ్చుకోళ్లలోనూ ఒక ప్రమాదముంది. జేమ్స్ బ్లంట్ అని సైన్యంలో పనిచేసి వచ్చిన ఇంగ్లీషు గాయకుడి తొలి ఆల్బమ్ 2004లో వస్తే, ఆ దశాబ్దంలో బ్రిటన్‌లో అంతకన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ లేదు. ఒక్క పాట అంతలా మోగింది, చివరికి వింటేనే జనానికి విసుగొచ్చేలా మోగింది. నీ ఐదో పాట నలుగురికీ నచ్చిందని రాబోయే పది పాటలూ తిశ్రంలోనే కట్టావంటే నేను ఒప్పుకోను.

జవాబుల విషయం. "ఇది తెలుగేనా" అన్నవాడికి జవాబివ్వకు. మాటలు వినబడలేదన్న వాళ్లకి మాత్రం పాట సాహిత్యం పూర్తిగా రాసి పంపు, థాంక్స్ చెప్పు. ఫలానా పాటలా ఉందన్నవాడిని ఏ చోట అనిపించిందో అడుగు. చోటు చెప్పగలిగితే వాడు నిజంగా విన్నాడు, నువ్వు కూడా ఆ చోటు మళ్లీ విను. చెప్పలేకపోతే వదిలెయ్. పెద్దత్తకి "దేవుడి దయ వల్ల త్వరలో పాడతాను" అని చెప్పు, అక్కడితో అయిపోతుంది. రాత్రి పదకొండు తర్వాత ఇవేవీ చదవకు.

సినిమా అంటే గుర్తొచ్చింది. ఎవరైనా వచ్చి ఐదో పాట బాణీ మొత్తంగా కొంటామంటే సంతకం పెట్టేముందు నాకు చూపించు. సాహిత్యానికి ఒక హక్కు, సంగీతానికి ఒక హక్కు, రికార్డింగ్‌కి ఒక హక్కు. నీ విషయంలో మూడూ నీవే. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాని నిర్మాతకి రాసిచ్చేయడం కుదరదు. పాటలు రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీ వసూలు చేసి పెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వానికి ఈ నెలలోనే దరఖాస్తు పెట్టు, రాసినదానిగానూ స్వరకర్తగానూ.

దసరాకి వస్తున్నావు కదా. మన వీధి పందిరిలో ఒక అరగంట నీకోసం అడిగి పెట్టాను. బ్యాండ్ లేదు, నువ్వూ నీ గిటారూ. పక్కన నేను బేస్ పడితే పడతాను, ఆ రోజు నా వేళ్లు చెప్పిన మాట వింటే. ముందు వరసలో ఒడియావాళ్లుంటారు, వెనక మనవాళ్లుంటారు, పిల్లలు అటూ ఇటూ పరిగెడుతుంటారు. మూడో పాట కొత్త ముగింపుతో పాడు, ఎంతమందికి చివరి మాట అందిందో అక్కడే చూద్దాం. ఆ మిక్సింగ్ అబ్బాయిని కూడా వీలుంటే తీసుకురా, పడుకోవడానికి మేడ మీద గది ఉంది. తీగలు మాత్రం రెండు సెట్లు ఎక్కువ పట్టుకురా, పన్నెండు గేజ్‌వి. ఈ గోపాల్‌పూర్ ఉప్పుగాలికి నా గిటార్ తీగలు మళ్లీ తుప్పు పట్టాయి.

ఇట్లు,
మీ మావయ్య