రేడియో మార్చే ముందు చోటు మార్చి చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రాత్రంతా మీడియం వేవ్ తిప్పినా హైదరాబాదు తప్ప మరే కేంద్రమూ సరిగా అందడం లేదని, ఇంతకన్నా ఖరీదైన రేడియో కొనమంటారా అని అడిగావు. ఇప్పుడే కొనవద్దు. దూరపు కేంద్రాలు పట్టడంలో రేడియో కన్నా నువ్వు కూర్చునే చోటే ముఖ్యమని నలభై ఏళ్లుగా వింటున్నవాడిగా చెబుతున్నాను.

మీ అపార్టుమెంటులో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్లు పుట్టించే గరగరలో వెయ్యి కిలోమీటర్ల నుంచి వచ్చే సన్నని గొంతు మునిగిపోతుంది. బ్యాటరీలు వేసుకుని, కరెంటు తీగలకు బాగా దూరంగా, ఊరి బయట పొలం గట్టున ఒక రాత్రి కూర్చుని విను.

ఇక చాలామంది పట్టించుకోనిది దిక్కు. రేడియో లోపల ఏంటెనాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ తనకు అడ్డంగా ఉన్న కేంద్రాన్ని బాగా అందుకుంటుంది. దాని కొస చూసే వైపున ఉన్న కేంద్రం బాగా అణిగిపోతుంది. 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాదు హోరుకు 720లోని చెన్నై నలిగిపోతుంటే కడ్డీ కొసను హైదరాబాదు ట్రాన్స్‌మిటర్ వైపు తిప్పాలి. అయితే నీకు ఆ రెండూ ఒకే దిక్కునో, సరిగ్గా ఎదురెదురు దిక్కుల్లోనో ఉంటే రెండూ కలిసి అణిగిపోతాయి. హైదరాబాదుకు చెన్నై దక్షిణాన, కాస్త తూర్పుకు ఒరిగి ఉంది కనుక, ట్రాన్స్‌మిటర్ నీకు తూర్పున గానీ పడమరన గానీ పడే చోటు వెతుక్కో.

అన్నిటికన్నా మేలైన చోటు సముద్రపు ఒడ్డు. ఉప్పునీరు విద్యుత్తును నేలకన్నా వందల రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది కనుక నీటి మీదుగా వచ్చే తరంగం తక్కువగా క్షీణిస్తుంది; దక్కనులోని రాతినేల మీద అదే తరంగం త్వరగా నీరసిస్తుంది. ఒక జనవరి సాయంత్రం భీమిలి ఒడ్డున, సుమారు 1200 కిలోమీటర్ల అవతలి పోర్ట్‌బ్లెయిర్‌ను 684లో ఊరి కేంద్రమంత స్పష్టంగా విన్నాను. అదే వారం అదే రేడియోను అరకు తీసుకువెళితే ఆ గొంతు ఉందా లేదా అన్నట్టు వినిపించింది. ఒడ్డు ఇచ్చే మేలు లోపలికి వచ్చేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి, కుదిరినంత వరకు నీటి అంచునే కూర్చోవాలి.

పగలు అయనావరణంలోని (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశపు పొరలలోని) కింది పొర ఈ తరంగాలను మింగేస్తుంది. పొద్దుగుంకాక ఆ పొర సన్నగిల్లి, పైపొరల నుంచి దూరపు కేంద్రాలు తిరిగి నేలకు చేరుతాయి. చీకటి తూర్పు నుంచి వస్తుంది కనుక భీమిలిలో పొద్దుగుంకేసరికే తూర్పున పోర్ట్‌బ్లెయిర్ వైపు బంగాళాఖాతం మీద చీకటి పడి ఉంటుంది. వేసవిలో ఉరుముల చిటపటలు ఎక్కువ, శీతాకాలం నయం. ఇటీవల చాలా ట్రాన్స్‌మిటర్లు మూతపడ్డాయి కాబట్టి ఏవి నడుస్తున్నాయో ముందే తెలుసుకో.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ పాత రేడియో, కొత్త బ్యాటరీలు, సమయమూ దిక్కూ రాసుకోవడానికి ఒక పుస్తకమూ తెచ్చుకో. సాయంత్రం అయిదింటికల్లా మనం ఒడ్డున ఉండాలి.

ఇట్లు,
మీ పెదనాన్న