టానిక్ ఆపి, ముందు పేడ పరీక్ష చేయించండి

ప్రశ్న: నాకు నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు ఉన్నాయి. తరచూ పొదుగువాపు వస్తోంది. బక్కచిక్కాయి, పాలు తగ్గాయి. రెండింటికి పేడ పలుచగా పడుతోంది, దవడ కింద ఉబ్బు ఉంది. సాగర్ కాలువ గట్లమీద మేపి, ఇంటి దగ్గర వరిగడ్డి వేస్తున్నా. రోగనిరోధక శక్తి తగ్గిందని మందుల షాపాయన టానిక్ ఇచ్చాడు. రెండు నెలలుగా తాగిస్తున్నా గుణం లేదు. ఇంకేం వాడాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా

జవాబు: దవడ కింద నీరు, పలుచని పేడ, కాలువ గట్టు మేత. ఈ మూడూ చూస్తే నా అనుమానం కార్జపు జలగల (కాలేయంలో చేరే పురుగుల) మీదే. నీళ్లలోని నత్తల ద్వారా ఇవి గడ్డి మీదికి చేరతాయి. లోపల జలగలు రక్తం తాగుతుంటే పైనుంచి టానిక్ ఎన్ని సీసాలు పోసినా వృథా. షాపాయన ఆవును చూడలేదు, పేడా చూడలేదు. ఏ ధైర్యంతో రెండు నెలలు తాగించారు?

రేపు పొద్దున అప్పుడే వేసిన పేడను అగ్గిపెట్టెడంత, ఏ ఆవుది ఆ ఆవుకు విడిగా కవర్లలో వేసి పశువైద్యశాలకు పట్టుకెళ్లండి. జలగల గుడ్లు కనిపిస్తే ఆక్సిక్లోజనైడ్ కిలో బరువుకు 10–15 మి.గ్రా. చొప్పున డాక్టర్ తాగిస్తారు. చూడి ఆవు ఉంటే ముందే చెప్పండి. మందు పడ్డాక కూడా గట్ల మీద, మడుగుల పక్కన మేపితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక మేత. వరిగడ్డిలో విటమిన్ ఎ దాదాపు ఉండదు, ఖనిజాలూ తక్కువే. రోజుకు 15–20 కిలోల పచ్చిమేత, దాణాలో 50 గ్రా. ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రా. ఉప్పు ఏడాది పొడవునా ఇవ్వండి. రోగాన్ని తట్టుకోవడానికి కావలసిన రాగి, జింకు ఆ మిశ్రమంలోనే ఉంటాయి. చూడి ఆవుకు ఈనే ముందు రెండు నెలలు విటమిన్ ఇ రోజుకు 1000 యూనిట్లు మేలు చేస్తుంది, పొదుగువాపు ముప్పు తగ్గుతుంది. సెలీనియం అనే ఖనిజాన్ని మాత్రం సొంతంగా వాడకండి, కాస్త ఎక్కువైనా విషమే. టానిక్‌లో, పొడిలో, ఇంజెక్షన్‌లో మూడింట్లోనూ అది ఉండొచ్చు. సీసా కూడా డాక్టర్‌కు చూపించండి.

పాలు పిండగానే చన్లను 0.5 శాతం పోవిడోన్ అయోడిన్ (క్రిమిసంహారక మందు)లో ముంచండి. తర్వాత మేత వేసి, అరగంట పడుకోనివ్వకండి.

టీకాల మాట మీరు రాయనేలేదు! నట్టల (కడుపులోని పురుగుల) మందు పడ్డ రెండు వారాలకు గాలికుంటు టీకా వేయించండి, ఆపైన ఆరు నెలలకోసారి. గొంతువాపు టీకా ఏటా వానలకు ముందే. పాలు తగ్గుతాయని మానకండి, తగ్గినా అది కొద్ది రోజులే. ఆవు నడవలేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.