గార్మిన్ ఈట్రెక్స్‌లో రూట్ రోడ్డు పట్టకుండా సూటి గీతలా వస్తుంటే

ఈట్రెక్స్ (చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం) మ్యాప్‌లో అరకు ఘాట్ రోడ్డు కనిపిస్తున్నా రూట్ మాత్రం లోయ మీదుగా అడ్డంగా గీత గీస్తోందా? అది దాదాపుగా 'డైరెక్ట్ రూటింగ్' సెట్టింగ్ వల్లే. సిగ్నల్ లోపం కాదు, టెన్షన్ పడకండి. ఆ మోడ్‌లో పరికరం రోడ్లను పట్టించుకోదు, రెండు పాయింట్లను సూటిగా కలిపేస్తుంది.

1. ముందు మెయిన్ మెనూలో మీరు వాడే ప్రొఫైల్ (ఒక్కో పనికి విడిగా ఉండే సెట్టింగుల సెట్) ఎంచుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. రూటింగ్, మ్యాప్ సెట్టింగులు ఒక్కో ప్రొఫైల్‌కు విడిగా ఉంటాయి. 'రిక్రియేషనల్'లో అంతా సరిచేసి 'ఆటోమోటివ్'కి మారితే అక్కడ పాత సెట్టింగే ఉంటుంది. అందుకే మార్చినా మారనట్టే అనిపిస్తుంది.

2. సెటప్, రూటింగ్, యాక్టివిటీలోకి వెళ్లి, 'డైరెక్ట్ రూటింగ్' బదులు బండికైతే ఆటోమొబైల్ డ్రైవింగ్, నడకకైతే హైకింగ్ పెట్టండి.

3. సెటప్, మ్యాప్‌లోకి వెళ్లి మీరు వేసిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను (ఉచితంగా దొరికే మ్యాప్) ఎనేబుల్ చేయండి. అదే ప్రాంతానికి వేరే మ్యాప్ ఉంటే ఆపేయండి.

4. నడుస్తున్న నావిగేషన్ ఆపి, మళ్లీ 'గో' నొక్కండి.

అయినా గీతే వస్తే మీ మ్యాప్ ఫైల్‌లో రూటింగ్ డేటా (రోడ్లు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చెప్పే సమాచారం) లేకపోయి ఉండొచ్చు. రోడ్లు కనిపించినంత మాత్రాన ఆ డేటా ఉన్నట్టు కాదు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు 'రూటబుల్' అని ఉన్నదే తీసుకోండి.

మ్యాప్‌లో లేని అడవి దారికి మాత్రం ఇవేవీ పనిచేయవు. అక్కడికి జీపీఎక్స్ ట్రాక్ (దారిని పాయింట్లుగా దాచిన ఫైల్) ఎక్కించుకుని దాని వెంబడే వెళ్లండి.