సమాధానం: మెట్లబావి బాగుకు సీఎస్ఆర్ నిధులు

తమ్ముడూ, ఊరి మెట్లబావి బాగుచేస్తాం, సీఎస్ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే డబ్బు) ఇవ్వండని మీ యువజన సంఘం వెళ్తే, కంపెనీవాళ్లు "సీఎస్ఆర్-1 ఉందా?" అని అడిగి పంపేశారన్నావు కదా. అది నిబంధనే. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్ డబ్బుతో పనిచేసే సంస్థ ఆ ఫారంతో నమోదు కావాలి. సొసైటీయో ట్రస్టో అయి, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండి, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. ఇప్పుడు కొత్తగా రిజిస్టర్ చేసుకున్నా మీకా అనుభవం రావడానికి టైం పడుతుంది. అందుకే అవన్నీ ఉన్న ట్రస్టును పట్టుకోండి. దరఖాస్తు వాళ్ల పేరున, పని మీ చేతుల మీదుగా అని కాగితం మీద రాసుకోండి. కంపెనీల చట్టం 7వ షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉంది, ఆ మాట దరఖాస్తులో మొదటే రాయండి.

అంతకన్నా ముందు బావి పంచాయతీదా, దేవాదాయ శాఖదా, పురావస్తు శాఖ రక్షిత కట్టడమా తేల్చుకోండి. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా గడ్డపార వేయొద్దు.

బడ్జెట్‌లో సున్నం పని తెలిసిన మేస్త్రీ కూలి తప్పక పెట్టండి, మీ పిల్లలు ఆయన దగ్గరే నేర్చుకుంటారు. దయచేసి సిమెంటు వద్దు. పాత సున్నపు గోడలో చెమ్మను అది బయటికి పోనివ్వదు, రాయి పొరలుగా రాలిపోతుంది. పూడిక తీసేముందు ప్రతి మెట్టూ ఫోటో తీయండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావి బాగై 2022లో తెరుచుకుంది, మీవాళ్లందరినీ ఒకసారి తీసుకెళ్లి చూపించు.