నల్లగొండ నుంచి వెళ్ళేవారు హైదరాబాదు స్మారకాలను ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి?

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న విద్యార్థులను ఒక్కరోజు హైదరాబాదు తీసుకెళ్ళి విగ్రహాలు, స్మారకాలు చూపించాలనుకుంటున్నామని, ఫొటోలు దిగి రావడంతో సరిపెట్టకుండా మన ప్రాంతానికి వాటితో ఉన్న సంబంధం వారికి తెలియాలంటే ఏవి చూపించాలని మీరు అడిగారు. నేను నల్లగొండలో చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఇలాంటి ప్రయాణాలు విద్యార్థులతో చాలాసార్లు చేశాను కాబట్టి, ఆ అనుభవం మీదనే ఈ సమాధానం రాస్తున్నాను.

మొదటి సలహా ఏమిటంటే, ట్యాంక్‌బండ్‌తో ప్రారంభించకండి. అందరూ తిన్నగా అక్కడికే పోతారు. వరుసగా నిలబెట్టిన 33 విగ్రహాలను చూసేసరికి పిల్లలకు కాళ్ళు నొప్పులు పుడతాయి, పేర్లన్నీ కలగాపులగమవుతాయి. మనకు హైదరాబాదు స్మారకాలు అసలు చిట్యాల దాటగానే మొదలవుతాయి. చౌటుప్పల్ వైపు వెళ్తుండగా జాతీయ రహదారి మీద గుండ్రాంపల్లి వస్తుంది. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవడానికి ముందు, నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళాలైన రజాకార్ల చేతిలో హతమైన గ్రామస్థుల జ్ఞాపకార్థం అక్కడ స్థూపం ఉంది. బస్సు పది నిమిషాలు ఆపి, దిగి చూడండి. నగరంలో తరువాత చూడబోయే రాతికట్టడాలన్నింటికీ ఇది సరైన ముందుమాట అవుతుంది.

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి గుర్తుగా పాత నల్లగొండ జిల్లాలో ఎన్నో ఊళ్ళలో ఇలాంటి స్థూపాలు కనిపిస్తాయి. అప్పట్లో జనగామ తాలూకా కూడా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. 1946 జూలై 4న ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య తూటాకు బలైన కడవెండి ఆ తాలూకాలోదే. ఈ స్థూపాలను పేరున్న శిల్పులు చెక్కలేదు. మెట్లుమెట్లుగా గద్దె కట్టి, పైకి పోనుపోను సన్నబడే స్తంభం లేపి, ఎర్ర రంగు వేసి, ఒక పలక మీద పేర్లు రాయించి ఊరి సుతారి మేస్త్రీలే వాటిని నిలబెట్టారు. కళావిమర్శకులు వీటిని లెక్కలోకి తీసుకోకపోవచ్చు గానీ, నా దృష్టిలో తెలంగాణలో బహిరంగ కళ అంటే ముందుగా చెప్పుకోవలసినవి ఇవే. ఎవరో పెద్దలు మంజూరు చేస్తే వచ్చినవి కావు. చనిపోయినవారు తమవాళ్ళు కనుక ఊరివాళ్ళు కట్టుకున్నవి. పలక మీది పేర్లను విద్యార్థుల చేత నోటుపుస్తకంలో రాయించండి. ఏ ఇంటిపేర్లు, ఏ కులవృత్తుల పేర్లు ఎక్కువగా ఉన్నాయో వారే గమనిస్తారు, మీరు విడిగా ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

నగరంలోకి అడుగుపెట్టగానే ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి విగ్రహం ఉంటుంది. ఆయనది అప్పటి నల్లగొండ జిల్లా మోత్కూరు మండలం పొడిచేడు గ్రామం. 2009 నవంబర్ 29న ఆ చౌరస్తాలోనే ప్రత్యేక రాష్ట్రం కోసం ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబర్ 3న కన్నుమూశారు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియను ప్రారంభిస్తామని కేంద్రం ప్రకటించింది డిసెంబర్ 9న. అక్కడ ట్రాఫిక్‌లో బస్సు ఆపడం కష్టం కాబట్టి విషయాన్ని ముందే బస్సులో చెప్పడం మేలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంచుమించు ఆయన వయసే ఉన్న పిల్లలతో మాట్లాడుతున్నప్పుడు ఆ మరణాన్ని ఆదర్శంగా నిలబెట్టే మాటలు వాడకూడదని నా అభిప్రాయం. ఆ కాలపు ఆవేదన ఎంతటిదో చెప్పాలి, ఆ కుటుంబానికి మిగిలిన దుఃఖం గురించి కూడా చెప్పాలి.

మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగితే, అక్కడి నుంచి నడిచిపోగలిగిన దూరంలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఎవరూ చెక్కకుండానే స్మారకమైన చెట్టు అది; సంగతి తెలిపే ఫలకం ఒకటి దగ్గర పెట్టారు, అంతే. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి నగరానికి వరద రక్షణ పథకం వేయించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. అదే మూసీ కిందికి పారి, మన జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని గుర్తుచేస్తే పిల్లలకు ఆ చెట్టు పరాయిదనిపించదు. ఆసుపత్రి ఆవరణ కనుక గుంపుగా హడావుడి చేయకుండా చిన్న జట్లుగా వెళ్ళి రండి.

అక్కడికి దగ్గరలోనే కోఠి. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన ఘటనకు గుర్తుగా కోఠి బస్టాప్ వద్ద స్తంభం ఉంది. బస్సుల కోసం నిలబడ్డవారిలో దాని వైపు చూసేవారు తక్కువ. రెసిడెన్సీ భవనంలో తరువాత మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ పాలకుర్తి మనిషి, ఆ పాలకుర్తి కూడా నాడు నల్లగొండ జిల్లాలోదే. పెద్ద భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖును ఎదిరించి తాను సాగుచేసిన పంటను కాపాడుకున్న స్త్రీ పేరు, ఒకప్పుడు తెల్లదొరలు కొలువుదీరిన భవనానికి రావడం నాకు ఏ విగ్రహావిష్కరణ కన్నా ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

ఆ తరువాత గన్‌పార్కుకు వెళ్ళండి. ఒక్కదాని దగ్గరే ఎక్కువసేపు గడపాలంటే నేను ఎంచుకునేది అసెంబ్లీ ఎదుటి ఈ అమరవీరుల స్థూపాన్నే. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో చనిపోయినవారి కోసం దీన్ని కట్టారు. వారి సంఖ్యను సాధారణంగా 369గా చెబుతారు. 1970లో శంకుస్థాపన జరిగింది, 1975 నాటికి పని పూర్తయింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు హైదరాబాదువారే. ఉద్యమం అణగిపోయి, దాన్ని గుర్తుచేయడమే ప్రభుత్వాలకు ఇష్టంలేని రోజుల్లో సాక్షాత్తూ శాసనసభ ముందే ఇలాంటిది నిలబడింది.

దాని నిర్మాణాన్ని కింది నుంచి పైకి చూడమని చెప్పండి. నల్లరాతి పీఠం మీద వరుసలు తీరిన చిన్న రంధ్రాలు తుపాకీ గుళ్ళ గుర్తులు. వరుసకు తొమ్మిది చొప్పున ఉంటాయి. ఆ పైన సాంచీ తోరణాన్ని తలపించే పనితనం, ఆ మీద ఎర్రరాతి స్తంభం, శిఖరాన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. తొమ్మిది ఎందుకని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికి రంగారెడ్డి జిల్లా ఏర్పడలేదు, తెలంగాణలో ఉన్నవి తొమ్మిది జిల్లాలే, అందులో నల్లగొండ ఒకటి, పాలమూరు (మహబూబ్‌నగర్) ఒకటి. నేలమీద గుళ్ళ దెబ్బలతో మొదలై పువ్వుతో ముగిసే ఆ నిలువు గీతలో ఒక్క మనిషి ముఖం కూడా లేదు. ఎవరి విగ్రహమూ పెట్టకపోవడం వల్లనే అది అందరిదీ అయిందని నాకు అనిపిస్తుంది. ఏటా జూన్ 2న ముఖ్యమంత్రులు ఇక్కడికి వచ్చి నివాళి అర్పించడం చూస్తున్నాం. శిల్పి పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాలు చదువుకున్న పిల్లల్లో చాలామందికి తెలియదు, మీరైనా చెప్పండి.

ఇప్పుడు హుస్సేన్‌సాగర్‌కు వెళ్ళవచ్చు. అక్కడి బుద్ధుడు ఒకరకంగా మన ఊరివాడే. ఆ శిల రాయగిరి గుట్టది. రాయగిరి భువనగిరి పక్కన, అప్పటి నల్లగొండ జిల్లాలో ఉంది. 1980ల మధ్యలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఈ పని చేపట్టినప్పుడు తెల్ల గ్రానైటు ఏకశిల కోసం వెతికి వెతికి అక్కడ తేల్చారు. ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో వందలాది పనివాళ్ళు దాన్ని చెక్కారు. సుమారు 58 అడుగుల ఎత్తు, మూడు వందల టన్నులకు పైగా బరువు ఉన్న విగ్రహాన్ని 192 చక్రాల ట్రెయిలర్ మీద నగరానికి తరలించారు. అందుకోసం నగరంలో రోడ్లు వెడల్పు చేయవలసి వచ్చింది. భువనగిరి వైపు పెద్దవాళ్ళు ఆ ప్రయాణం గురించి ఇప్పటికీ కథలుగా చెబుతారు. 1990 మార్చి 10న పడవ మీద చెరువు మధ్యకు తీసుకుపోతుండగా అది జారి నీట మునిగింది, పనిలో ఉన్నవారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా నీళ్ళలోనే ఉన్న విగ్రహాన్ని బయటికి తీసి, 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. పడవలో దగ్గరికి వెళ్ళినప్పుడు నేను విద్యార్థులకు ముందుగా చెప్పేది ఆ చనిపోయినవారి గురించే. రాయి ఎక్కడిదో, ఎవరు మోశారో తెలియకుండా బుద్ధుణ్ణి చూస్తే సగమే చూసినట్టు.

ఇక ట్యాంక్‌బండ్ గట్టు మీద ఉన్న విగ్రహాలన్నీ చూపించాలని పెట్టుకోవద్దు. నేనైతే మూడింటి దగ్గర ఆగుతాను. ఒకరు సురవరం ప్రతాపరెడ్డి. పాలమూరు సీమ మనిషి, 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టినవారు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవుల సంచికతో జవాబిచ్చినవారు. రెండవవారు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. 1890లో మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే, మూసీ వరద నాటి పాలకుడూ ఆయనే. మూడవవారు మఖ్దూం మొహియుద్దీన్, ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. శాసనసభకు ఎన్నికైనది మన హుజూర్‌నగర్ నుంచి. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ జరిగిన రోజు ఇదే గట్టు మీద పలు విగ్రహాలను కూల్చివేశారని, తరువాత తిరిగి పెట్టారని కూడా దాచకుండా చెప్పండి. బుద్ధుడు మునిగిన తేదీ, ఈ తేదీ ఒకటే కావడం కేవలం కాకతాళీయం. 33 మందిలో తెలంగాణవారికి దక్కిన చోటు తక్కువన్న ఆగ్రహం నిజమైనది, నాకూ ఉండేది. అయినా కవుల విగ్రహాలను నీళ్ళలోకి తోయడాన్ని నేను ఎన్నడూ సమర్థించలేదు. విద్యార్థులు ఈ విషయం మీద వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

సచివాలయం చుట్టూ కొత్తగా వచ్చినవి దారిలోనే కనిపిస్తాయి. 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 2023 ఏప్రిల్ 14న, ఉక్కుతో దీపశిఖ ఆకారంలో చేసిన అమరుల స్మారకాన్ని అదే ఏడు జూన్ 22న, సచివాలయ ప్రాంగణంలో తెలంగాణ తల్లి విగ్రహాన్ని 2024 డిసెంబర్ 9న ఆవిష్కరించారు. తెలంగాణ తల్లి రూపం ఎలా ఉండాలన్న దాని మీద పార్టీల మధ్య జరిగిన తగువు అందరికీ తెలిసినదే కాబట్టి దాని జోలికి పోవడం లేదు. అమరుల స్మారకం రాత్రి వెలుగులో బాగుంటుంది, కానీ గన్‌పార్కు స్థూపం దగ్గర కలిగే గాంభీర్యం నాకు అక్కడ కలగలేదు.

ఈ సమాధానం చదివే పాలమూరు మిత్రులకు ఒక మాట. మీ దారి ఆరాంఘర్ మీదుగా కాబట్టి గుండ్రాంపల్లి కలవదు. దానికి బదులు ముందురోజు అప్పంపల్లి చూసి రండి. 1947 అక్టోబర్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో 11 మంది అక్కడ నేలకొరిగారు. ఇక దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు లేబర్‌కు హైదరాబాదులో ఒక్క గుర్తూ నాకు కనబడలేదు. నగరంలో ఇంకో స్మారకం కట్టాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే పేరు వారిదే.

సమయం చాలకపోతే సచివాలయం వైపు కొత్తవాటిని బస్సులో నుంచే చూపించి, గుండ్రాంపల్లి, గన్‌పార్కు, బుద్ధుడు, ఈ మూడింటిని మాత్రం వదలకండి. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో గన్‌పార్కు చుట్టూ పోలీసు కట్టుదిట్టాలు ఉంటాయి, పార్టీలవారి నిరసనలూ అక్కడే జరుగుతాయి. అందువల్ల సమావేశాలు లేని రోజు చూసుకొని, విద్యార్థుల జాబితా, కళాశాల ఉత్తరం దగ్గర పెట్టుకొని బయలుదేరండి.