‘డిస్కులు బిగించడమట’ అనకండి

ప్రశ్న: మా బాబు బీఎస్సీ కంప్యూటర్స్ చేశాడు. సిరిపురంలో ఒక చిన్న కంపెనీలో ఏడాదిగా పనిచేస్తున్నాడు, జీతం 18 వేలు. పనేంటంటే బ్యాకప్ సర్వర్‌కి డిస్కులు బిగించడమట. మొన్న 16 టీబీవి 12 డిస్కులు పెట్టాడు. పన్నెండు పదహార్లు 192 కదా, కంప్యూటర్లో 145 చూపిస్తోందని, అదే కరెక్టని అంటాడు. ఇది మాన్పించి హైదరాబాద్‌లో లక్షన్నర ఫీజు కట్టి ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు మీ అబ్బాయి లెక్క సంగతి. అది కరెక్టే. డిస్కులన్నిటినీ ఒక్కటిగా కలిపి వాడే పద్ధతిని రెయిడ్ అంటారు. ఏ రెండు డిస్కులు పోయినా డేటా పోకుండా అందులో రెయిడ్ 6 పెట్టి ఉంటాడు. అందుకు రెండు డిస్కులంత చోటు వదులుకోవాలి, మిగిలింది 160. డిస్కు తయారుచేసేవాళ్లు కేబీ, ఎంబీ, జీబీ, టీబీ అనే నాలుగు మెట్లలోనూ వెయ్యి చొప్పున లెక్కేస్తే, చాలా కంప్యూటర్లు 1024 చొప్పున లెక్కేసి చూపిస్తాయి. అలా 160 కాస్తా 145 అవుతుంది.

ఒక్క డిస్కు పోవడాన్ని మాత్రమే తట్టుకునే రెయిడ్ 5 పెట్టి ఉంటే ఇంకో 16 టీబీ కలిసొచ్చేది, ఓనరు కూడా సంతోషించేవాడు. కానీ ఒక డిస్కు పోయి కొత్తది పెడితే, సెకనుకు 200 ఎంబీ చొప్పున రాసినా అది నిండటానికి 22 గంటలు పడుతుంది. మధ్యలో సర్వర్ వేరే పనులు కూడా చేస్తుంటే రోజులు పట్టొచ్చు. ఆలోగా, ఒకే రోజు కొన్న మిగతా పదకొండింటిలో ఇంకొకటి మొరాయిస్తే మొత్తం గోవిందా. ఏడాది అనుభవానికే ఆ చోటు వదులుకోవాలని తెలిసిందంటే నాకు ముచ్చటేసింది.

మీ ఉత్తరంలో నాకు కనిపించింది ఫీజు గురించిన టెన్షన్ కాదు. ‘బిగించడమట’లోని ఆ ‘ట’. చుట్టాల్లో చెప్పుకోడానికి నామోషీగా ఉంది, అంతేగా? కోపం తెచ్చుకోకండి, వారానికి ఇద్దరు తండ్రులు ఇదే మాట అంటారు. మీ నామోషీకి లక్షన్నర కట్టి, కుర్రాడి ఏడాది అనుభవం గంగలో కలపడం ఏం న్యాయం?

ఏఐ చెడ్డదని అనడం లేదు. నాలుగు నెలల్లో ఇంజనీరుని చేస్తామనే బోర్డుల మీదే నా అనుమానం. నేనే ఒకప్పుడు ముగ్గుర్ని అలాంటి కోర్సులకు పంపాను. నిలదొక్కుకున్నది ఒక్కరే, ఆ అమ్మాయి అప్పటికే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. మిగతా ఇద్దరూ సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చారు. ఆ తప్పులో నా వాటా ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ అని ప్రకటించింది కదా, అందులోనూ డేటా ఉండేది డిస్కుల్లోనే. అలాగని అక్కడే ఉద్యోగం వస్తుందని ఊహించుకోకండి. డేటా సెంటర్‌కి కరెంటు కావాల్సినంత మంది మనుషులు అక్కర్లేదు.

మీ అబ్బాయి ఉన్న దారిలో కష్టాలూ ఉన్నాయి. జీతం నెమ్మదిగా పెరుగుతుంది, రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది. బిగించడం దగ్గరే ఆగిపోతే ఐదేళ్లకీ ఇక్కడే ఉంటాడు. సర్వర్లను నడిపే లినక్స్ గట్టిగా నేర్చుకోవాలి, పనులు వాటంతటవే జరిగేలా స్క్రిప్టులు రాయాలి, క్లౌడ్ స్టోరేజీ తెలియాలి. వీటికి ఉద్యోగం మానక్కర్లేదు, సాయంత్రాలు చాలు.

ఇంకొకటి. రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు. పొరపాటున ఫైలు చెరిపేస్తే అన్ని డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది. 2014 హుద్‌హుద్‌లో మా ఆఫీసు కిటికీ అద్దాలు పగిలి, సర్వరూ దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కూ రెండూ తడిసి ముద్దయ్యాయి. పక్కపక్కన పెట్టింది నేనే.

ఈ ఆదివారం అబ్బాయిని రెండు అడగండి. ఇంకో కాపీ ఆ బిల్డింగ్ బయట ఎక్కడుంది? ఆఖరిసారి బ్యాకప్ నుంచి ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూసింది ఎప్పుడు? జవాబు చెబితే ఉద్యోగం మాన్పించకండి. చెప్పలేకపోయినా మాన్పించకండి, సోమవారం వెళ్లి ముందు ఆ పని చూడమనండి.